ఉత్తరం ముందు, ఓడ తర్వాత

విదేశానికి సువార్తికుణ్ణి పంపాలనుకున్న సంఘం ముందుగా ఏం చేస్తుంది? ఉపవాస ప్రార్థన పెడుతుంది, చందా పుస్తకం తెరుస్తుంది, పాస్‌పోర్టు, వీసా పనులు చూసుకుంటుంది, వెళ్ళే మనిషికి టీకాలు వేయిస్తుంది, చివరికో ఆదివారం నాడు తలమీద చేతులుంచి సాగనంపుతుంది. ఇవన్నీ కావలసినవే. అయితే తెలుగు నేలకు వచ్చిన సువార్త యాత్రలనూ, తెలుగు నేల నుంచి బయలుదేరిన యాత్రలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏవి నిలిచాయో, ఏవి దారి తప్పాయో తేల్చిన సంగతి వేరే ఉందని తెలుస్తుంది. అవతలి ఒడ్డున ఎవరున్నారు, వాళ్ళకేం కావాలి, ఏ భాషలో కావాలి అన్నది బయలుదేరకముందే తెలిసిన యాత్రలు గట్టిపడ్డాయి. అది తెలియకుండా బయలుదేరినవి ఎంత డబ్బున్నా, ఎంత భక్తి ఉన్నా తిరిగి మొదటికొచ్చాయి. మన విషయంలో ఆ కబురు అందించినవాళ్ళు పాదిరీలు కారు, పొట్టకూటి కోసం ఓడెక్కిన కూలీలు. తెలుగు సంఘాలు తొలిసారి సముద్రం దాటి ఒక మిషనరీని పంపినప్పుడు ఆ ప్రయాణానికి అసలు సన్నాహం చేసింది పంపిన నెల్లూరు కాదు, పిలిచిన కూలీల గుడిసెలు అన్నదే ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట.

ఈ మాటను అనకాపల్లి జిల్లాలోని రాంబిల్లి వైపు నుంచి చూడడానికి కారణముంది. శారదా నది సముద్రంలో కలిసే ఈ తీరం మతాల రాకపోకలకు కొత్తది కాదు. ఇదే మండలంలోని కొత్తూరు దగ్గర శారద ఒడ్డున ఉన్న ధనదిబ్బలు ఒకనాటి బౌద్ధ ఆరామాల శిథిలాలు. అనకాపల్లి పక్కనే శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉంది. భిక్షువులు నది వెంట, తీరం వెంట నడిచి స్థిరపడిన చోట్లివి. క్రైస్తవ మిషన్ల కాలానికి వచ్చేసరికి మాత్రం ఈ ప్రాంతం చాలా ఏళ్ళపాటు పంపే నేలగా కాక పుచ్చుకునే నేలగానే ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకోవడం వాళ్ళకు ఇక్కడికొచ్చాకే మొదలైంది. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడు దొరికాకే సువార్తల అనువాదం ముందుకు సాగింది. క్రాన్ 1809లో, డె గ్రాంజెస్ 1810లో చనిపోయారు. 1836లో అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే కూడా తెలుగు నేల మీద మొదట అడుగుపెట్టింది విశాఖలోనే. అక్కణ్ణించి శ్రీకాకుళం, ఆపైన మద్రాసు వెళ్ళి, 1840లో నెల్లూరులో కుదురుకున్నాడు. నాలుగేళ్ళ పాటు చోటు వెతుక్కోవడమే ఆయన పని అయింది. వీళ్ళ చిత్తశుద్ధిని శంకించే పని లేదు. వీళ్ళకు ఇక్కడ ఎదురొచ్చి, ఫలానా చోట మేమున్నాం, మాకు ఫలానాది కావాలి అని చెప్పేవాళ్ళు లేరు, అంతే.

ఆ లోటు ఎంత ఖరీదైనదో ఉత్తరాంధ్రకు వచ్చిన కెనడా బాప్టిస్టుల కథ ఇంకా బాగా చూపిస్తుంది. కెనడా తూర్పు తీరపు రాష్ట్రాల్లోని బాప్టిస్టులు 1870ల మొదట్లో తమ సొంత మిషన్ ఒకటి ఉండాలనుకున్నారు. అప్పటికే హన్నా మరియా నోరిస్ అనే యువతి తనను పంపడానికి మిషన్ బోర్డు వెనకాడితే ఊరూరా తిరిగి స్త్రీల సహాయ సంఘాలు ఏర్పాటు చేసి, ఆ చిన్నచిన్న చందాలతోనే 1870లో బర్మాకు ప్రయాణమైంది. సన్నాహం అంటే అదీ అనిపించే దీక్ష ఆమెది. ఆమె తర్వాత 1873లో రూఫస్ శాన్‌ఫోర్డ్, జార్జ్ చర్చిల్, విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ మొదలైనవాళ్ళ బృందం బయలుదేరింది. సయాం దేశంలో కరెన్ జాతివాళ్ళ మధ్య పనిచేయాలని వాళ్ళ ఉద్దేశం. చందాలు సమకూరాయి, మనుషులు కుదిరారు, కొందరు కరెన్ భాష కూడా నేర్చుకోవడం మొదలుపెట్టారు. తీరా సయాంలో తిరిగి చూస్తే కరెన్లు ఒక మిషన్‌ను నిలబెట్టడానికి చాలినంత మంది లేరు, ఉన్నవాళ్ళూ చెదురుమదురుగా ఉన్నారు. నేర్చిన భాష పక్కన పెట్టి, గీసుకున్న పటం మడిచేసి, 1875లో ఆ బృందం తెలుగు దేశానికి మళ్ళింది. భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం మిషన్ కేంద్రాలు అలా వచ్చాయి. ఉత్తరాంధ్ర బాప్టిస్టు సంఘాల పుట్టుకకు ఒక వేరు సయాం అడవుల్లో ఫలించని వెతుకులాటలో ఉందంటే నమ్మడం కష్టమే గాని, జరిగింది అదే. పెట్టె, డబ్బు, ప్రార్థన, భాష అన్నీ ఉన్నా అవతల ఎవరున్నారో తెలియకపోతే సన్నాహం సన్నాహం కాదని ఇంతకన్నా తేటగా చెప్పే ఉదాహరణ దొరకదు.

మరి వాళ్ళు తెలుగు నేలకే మళ్ళడానికి కారణమేమిటి? అక్కడ అప్పటికే ఒక తెలుగువాడి పిలుపు పనిచేసింది. థామస్ గాబ్రియేలు కాకినాడలో ప్రభుత్వ తంతి కార్యాలయ ఉద్యోగి. ఉద్యోగం వదులుకుని తన సొంత పూనికతో సువార్త పని మొదలుపెట్టాడు. మనుషులు చేరారు గాని డబ్బు చాలలేదు, అప్పులు మీదపడ్డాయి. ఆ స్థితిలో ఆయన తన పనిని అందుకొమ్మని కెనడా బాప్టిస్టులను అడిగాడు. రామాయపట్నంలో అమెరికన్ మిషన్‌తో కలిసి పనిచేస్తున్న కెనడియన్ జాన్ మెక్‌లారిన్ 1874 మార్చిలో కాకినాడ వచ్చాడు. ఏడాది తిరక్కుండానే, 1875 మొదట్లో, గాబ్రియేలు కన్నుమూశాడు. అయినా ఆ మిషన్ చెదరలేదు. మెక్‌లారిన్ వచ్చేసరికే అక్కడ సంఘం ఉంది, తెలుగు బోధకులు ఉన్నారు, ఏ ఊళ్ళో ఎవరు వింటారో చెప్పగలిగినవాళ్ళున్నారు. సయాం నుంచి వెనుదిరిగినవాళ్ళను తెలుగు నేలకు రమ్మని చెప్పగలిగిన ధైర్యం మెక్‌లారిన్‌కు ఈ పునాది వల్లనే వచ్చింది. యలమంచిలి తర్వాతి కాలంలో కెనడా బాప్టిస్టు కేంద్రాల్లో ఒకటై, రాంబిల్లి చుట్టుపక్కల పల్లెలు ఆ పని అందే దూరంలోకి వచ్చాయి. మిషనరీ చరిత్ర పుస్తకాలు దీన్ని కెనడా దాతృత్వంగా రాసుకుంటాయి. దాతృత్వం నిజమే. కానీ అప్పుల్లో ఉన్న ఒక తెలుగు తంతి ఉద్యోగి అడగకపోతే ఆ దాతృత్వం ఎటు పోవాలో తెలియక సయాంలోనే చెల్లాచెదురై ఉండేది.

ఇక ఇదే తీరం నుంచి మనుషులు బయటికి వెళ్ళిన కథకు వద్దాం. దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటల కోసం మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911లో ఆ వలస ఆగేదాకా లక్షా యాభై వేలకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్ చేరారు. వాళ్ళలో సుమారు మూడింట రెండొంతులు మద్రాసు రేవు మీదుగా వెళ్ళినవాళ్ళు, అంటే ఎక్కువగా తమిళులూ తెలుగువాళ్ళూ. తెలుగువాళ్ళను పెద్ద సంఖ్యలో పంపిన జిల్లాల్లో విశాఖపట్నం ఒకటి. ఓడ పట్టీల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటిమీది గుర్తులు రాసేవారు. ఒప్పందం అయిదేళ్ళు, జీతం మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు. 1893, 1896 మధ్య ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం తెరుచుకున్నాక యలమంచిలి పరిసరాలవాళ్ళకు మద్రాసు డిపో దగ్గరైంది. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల నుంచి రంగం, అంటే బర్మా, వెళ్ళే ఓడలు అంతకుముందే ఉన్నాయి. కరువు, పన్నుబాకీ, కులపు కట్టుబాటు, దళారీ మాయమాట, కొత్తచోట బతుకు బాగుపడుతుందన్న ఆశ, ఇవన్నీ కలిసి మనుషుల్ని ఓడెక్కించాయి. ఆ గుంపుల్లో కొద్దిమంది క్రైస్తవులూ ఉన్నారు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో 1876-78 కరువు తర్వాత వేలాదిగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు, నిరుపేదలు. కూలి ఓడలు ఎక్కక తప్పని వర్గం కూడా అదే. అందువల్ల బాప్టిస్టు కుటుంబాలు కొన్ని చెరకు, తేయాకు తోటల్లోకి చేరడంలో వింత లేదు.

నేటాల్‌లో వాళ్ళకు దొరకనిది దేవుడు కాదు, తెలుగులో మాట్లాడే కాపరి. అక్కడి భారతీయుల మధ్య క్రైస్తవ పరిచర్య లేదని కాదు. మెథడిస్టు పాదిరీ రాల్ఫ్ స్టాట్ 1862లోనే డర్బన్‌లో భారతీయుల కోసం పని మొదలుపెట్టాడు. ఆయన సింహళంలో ఏళ్ళ తరబడి ఉండి తమిళం నేర్చినవాడు. కాథలిక్కులు, ఆంగ్లికన్లు కూడా పనిచేశారు. కానీ ఇంగ్లీషు, తమిళం వచ్చినవాళ్ళకు తెరిచిన తలుపులు తెలుగువాళ్ళకు సగమే తెరుచుకున్నాయి. 1903 జూన్‌లో డర్బన్‌లో గాంధీ చొరవతో మొదలైన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం భాషల్లో వచ్చింది. భారతీయుల తరఫున నిలిచిన పత్రికలోనే తెలుగుకు చోటు లేకపోయిందంటే తోటల్లో తెలుగు కూలీ ఎంత వెనక వరసలో ఉన్నాడో ఊహించవచ్చు. పైగా రాతపూర్వక చీటీ లేకుండా ఒప్పంద కూలీ తోట దాటి వెళ్ళడానికి వీల్లేదు. కాబట్టి గుడికి మనిషి రావడం కాదు, మనిషి దగ్గరికి కాపరి వెళ్ళవలసిన పరిస్థితి. ఈ పరిస్థితిలో చెట్టుకింద, గుడిసెల మధ్య తమకు తామే కూడుకుని, కంఠతా వచ్చిన కీర్తనలు పాడుకుంటున్న తెలుగు బాప్టిస్టులు నెల్లూరుకు ఉత్తరాలు రాశారు. మాకొక కాపరిని పంపమన్నారు. తెలుగు క్రైస్తవ చరిత్రలో ఇంత బరువైన అభ్యర్థన ఇంత బీదవాళ్ళ నుంచి వచ్చిన సందర్భం మరొకటి చెప్పడం కష్టం.

ఆ ఉత్తరాలు ఎవరి చేతిలో పడ్డాయన్నదీ ముఖ్యమే. అప్పటికి తెలుగు బాప్టిస్టులు తమ సొంత చందాలతో నడిచే తెలుగు బాప్టిస్ట్ హోమ్ మిషనరీ సొసైటీని ఏర్పాటు చేసుకున్నారు. దాని చూపు మొదట తెలుగు దేశం లోపలే ఉంది, పేరే ఆ సంగతి చెబుతుంది. తెలుగు సంఘాల రాబడి అంటే ఏమిటి? వంట కోసం బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి కుండలో వేసి ఆదివారం తెచ్చే తల్లులు, పంట వచ్చినప్పుడు కొలత ధాన్యం ఇచ్చే రైతుకూలీలు, అణాలూ కాన్లూ. అలాంటి రాబడి మీద నిలిచిన సొసైటీ హిందూ మహాసముద్రం అవతలికి ఒక కుటుంబాన్ని పంపడానికి ఒప్పుకుంది. పంపిన మనిషి జాన్ రంగయ్య, నెల్లూరు మిషన్‌లో పెరిగి ఉపాధ్యాయుడైనవాడు. 1903 జూన్‌లో ఆయన భార్యాపిల్లలతో డర్బన్‌లో దిగాడు. 1897 నాటి నేటాల్ వలస నియంత్రణ చట్టం ప్రకారం కూలి ఒప్పందం లేకుండా వచ్చే కొత్త మనిషి ఏదో ఒక ఐరోపా భాషలో అర్జీ రాయగలగాలి. ఇంగ్లీషు వచ్చిన బడిపంతులును ఎంచుకోవడంలో సొసైటీ ఈ సంగతి ఆలోచించినా ఆలోచించకపోయినా, ఆ చదువే ఆయనకు దారి సుంకమైంది. అదే ఏడాది ఫిబ్రవరిలో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించి, తమ మనుషులను తెలుగు నేలకు, డోర్నకల్ వైపు పంపడానికి పూనుకున్నారు. తమిళులు తెలుగు దేశానికి, తెలుగువాళ్ళు నేటాల్‌కు: తెల్లవాళ్ళు పంపితే నల్లవాళ్ళు పుచ్చుకోవాలన్న లెక్క ఆ సంవత్సరం రెండు చోట్ల తప్పింది.

రంగయ్య దిగిన చోట ఆయన కోసం ఎదురుచూసే మనుషులు ఉన్నారు. ఈ ఒక్క విషయం ఆయన్ను సయాంలో తిరిగిన కెనడియన్ల నుంచీ, చోటు కోసం తీరమంతా తిరిగిన శామ్యూల్ డే నుంచీ వేరుచేస్తుంది. స్టాంగర్ దగ్గర కియర్స్నీలో లీజ్ హ్యూలెట్ అనే మెథడిస్టు భూస్వామి పెద్ద తేయాకు తోట నడుపుతున్నాడు. తెలుగు బాప్టిస్టు కుటుంబాలు అక్కడ ఉన్నాయి. దిగిన ఏడాది ముగిసేలోగానే, 1903 డిసెంబరులో, కియర్స్నీలో తొలి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. ఆరు నెలల్లో ఒక సంఘాన్ని ఎవరూ కొత్తగా పుట్టించలేరు. ఉన్న సంఘానికి పేరు పెట్టి, బల్ల వేసి, పెద్దలను నియమించడానికే ఆరు నెలలు పడతాయి. ఆయన చేసింది అదే, చాలా గొప్పగా చేశాడు కూడా. కియర్స్నీ తర్వాత ఆ ఉత్తర తీరపు తోటల్లో ఒకటొకటిగా సంఘాలు కట్టుకుంటూ 1915 చివర్లో చనిపోయేదాకా పని సాగించాడు. ఆ తర్వాత కూడా సంఘాలు నిలిచాయి, ఆయన కుమారుడు వాటి నాయకత్వంలోకి వచ్చాడు. ఒక మనిషి పోతే ఆగిపోయే పనికీ, ఆగని పనికీ తేడా ఇక్కడే ఉంది. పని మొదలుపెట్టింది ఆ మనిషి కాదు గనుక ఆయనతో అది పోలేదు.

దీనికి మొదటి అభ్యంతరం వెంటనే వస్తుంది. తెలుగువాడు తెలుగువాళ్ళ దగ్గరికి, బాప్టిస్టు బాప్టిస్టుల దగ్గరికి వెళితే దాన్ని పరదేశ సువార్త యాత్ర అనవచ్చా? అది కేవలం దూరపు కాపరిత్వమే కదా? ఈ మాటలో నిజముంది, దాన్ని దాటవేయడం కుదరదు. రంగయ్య పని ప్రధానంగా తెలుగు కూలీల మధ్యనే సాగింది. చుట్టూ ఉన్న జులూ జనం ఆ పనికి కేంద్రం కాలేదు. తెలుగు అనే గీత లోపల పుట్టిన సంఘాలకు ఆ గీతే తర్వాత ఇబ్బంది తెచ్చింది. 1914 నాటికే సంఘాల మధ్య చీలికలు వచ్చాయి. తరాలు గడిచి ఇళ్ళలో ఇంగ్లీషు ప్రధానమయ్యాక తెలుగు ఆరాధన మీద కట్టిన సంఘం ఏమవ్వాలన్న ప్రశ్న దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళందరికీ ఎదురైంది. 1931లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ కూడా భాష నిలబెట్టుకోవడానికి పోరాడవలసి వచ్చింది. అయితే ఈ అభ్యంతరం నా వాదాన్ని కూల్చదు, దానికి హద్దు గీస్తుంది. పిలుపుతో మొదలైన యాత్ర పిలిచినవాళ్ళ వరకే ఆగిపోయే ప్రమాదం ఉంది. కానీ పిలుపు లేకుండా మొదలైన యాత్ర అసలు ఎవరినీ చేరకుండా పోయే ప్రమాదం ఉంది. మొదటిది సరిదిద్దుకోగలిగిన లోపం, ఎందుకంటే అక్కడ ఒక సంఘం నిలబడి ఉంటుంది, మాట్లాడడానికి మనుషులుంటారు.

రెండో అభ్యంతరం చరిత్రకారులది. తెలుగు సొసైటీ అంటూ మురిసిపోతున్నాం గాని, దాని వెనక అమెరికన్ మిషన్ లేదా? 1873 నుంచి నెల్లూరులో ఉన్న డేవిడ్ డౌనీ వంటి మిషనరీల ప్రోత్సాహం, వాళ్ళ బడులు, వాళ్ళ కచేరీ లేకపోతే ఆ ఉత్తరాలు ఎవరు చదివేవారు, రంగయ్యకు చదువెవరు చెప్పేవారు? ఇదీ నిజమే. రంగయ్య చదువు, సొసైటీ నడిపే పద్ధతి, సమావేశపు నిబంధనలు అన్నీ అమెరికన్ మిషన్ నీడలోనే రూపుదిద్దుకున్నాయి. కానీ నీడ వేరు, వేరు వేరు. ఆ పనికి డబ్బు తెలుగు సంఘాల నుంచి రావాలని, మనిషి తెలుగు సంఘాల నుంచి వెళ్ళాలని తెలుగువాళ్ళు తీసుకున్న నిర్ణయం వల్ల నేటాల్ సంఘాలు న్యూయార్కుకో బోస్టనుకో కాక నెల్లూరుకు జవాబు చెప్పుకున్నాయి. వలస పాలన నాటి ప్రపంచంలో అది చిన్న విషయం కాదు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తమిళ క్రైస్తవ నాయకుడు వేదనాయకం అజరయ్య తెల్ల మిషనరీల నుంచి భారతీయ క్రైస్తవులు కోరేది స్నేహమని నిలదీసి చెప్పినప్పుడు సభ ఉలిక్కిపడింది. అప్పటికే ఏడేళ్ళుగా తెలుగు కూలీల మధ్య ఒక తెలుగువాడు, ఏ తెల్ల మిషనరీ పెత్తనమూ లేకుండా, వాళ్ళ భాషలో వాళ్ళ స్థాయిలో కాపరిగా తిరుగుతున్నాడు. అజరయ్య అడిగినదానికి రూపం నేటాల్‌లో ఉంది, చూసినవాళ్ళు తక్కువ.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. పిలుపు పిలుపు అంటున్నాం, ఎవరి పిలుపు? ఉత్తరం రాసింది కొద్దిపాటి క్రైస్తవ కుటుంబాలు. అదే తోటల్లో అమ్మవారికి పండుగలు చేసుకుంటూ బతికిన అసంఖ్యాక హిందూ కూలీలు పాదిరీ కావాలని అడగలేదు. ఇక తోటలోకి కాపరి అడుగుపెట్టాలంటే దొర అనుమతి కావాలి. ప్రార్థన చేసుకునే కూలీ తాగి గొడవపడడని, పనికి సరిగ్గా వస్తాడని లెక్క వేసుకునే దొరకు ఆ కాపరి పనికొచ్చే మనిషి కాలేదా? ఈ ప్రశ్నకు మెత్తని జవాబు లేదు. ఒప్పంద కూలీ వ్యవస్థను ఆ సంఘాలు కూల్చలేదు, కూల్చే బలం వాటికి లేదు. ఒప్పందం ముగిశాక ఊరికి తిరిగి వెళ్ళక, మళ్ళీ ఒప్పందమూ చేసుకోనివాడి మీద 1895 చట్టం వేసిన ఏటా మూడు పౌన్ల పన్ను క్రైస్తవ కూలీ నెత్తినా అంతే పడింది. 1913 సమ్మె దాకా పోతే గాని అది తొలగలేదు. అయినా ఒక తేడా గమనించాలి. తోట దొర పుస్తకంలో నంబరుగా ఉన్న మనిషి సంఘం పుస్తకంలో పేరుతో ఉన్నాడు. వారానికి అయినా ఒకపూట తన ఇష్టంతో కూడుకుని, తన పెద్దలను తానే ఎన్నుకుని, తన చందా లెక్క తానే అడిగే చోటు అది. హిందూ కూలీలు కట్టుకున్న గుళ్ళు, భజన బృందాలు చేసిన పనీ అదే. కాబట్టి క్రైస్తవ పిలుపును తోటలోని అందరి పిలుపుగా చూపించడం తప్పు. అది కొద్దిమంది పిలుపే. దాన్ని కొద్దిమంది పిలుపుగానే గౌరవించడం సరైన లెక్క.

రంగం కథను కూడా దీని పక్కన పెడితే ఈ వాదం ఒక్క నేటాల్ మీదే ఆధారపడి లేదని తేలుతుంది. సయాం వదిలి శ్రీకాకుళం వచ్చిన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన్ను పెళ్ళాడిన మరియా నోరిస్ కొన్నేళ్ళ తర్వాత బర్మా వెళ్ళారు. ఈసారి కరెన్ల కోసం కాదు, అక్కడి రేవుల్లో, మిల్లుల్లో పనిచేసే తెలుగు, తమిళ వలసకూలీల కోసం. మొదటి ప్రయాణంలో వాళ్ళకు లేనిది రెండో ప్రయాణంలో ఉంది. శ్రీకాకుళం వైపు నేర్చిన తెలుగు, ఆ ఊళ్ళ నుంచే ఓడెక్కి వచ్చిన మనుషులు, ఎవరు ఏ వీధిలో ఉంటారో చెప్పగల బంధుత్వాలు. అదే దంపతులు, అదే విశ్వాసం. మారింది అవతల ఎవరున్నారో ముందే తెలియడం ఒక్కటే. ఒకే మనుషుల జీవితంలో సన్నాహం లేని యాత్ర, సన్నాహం ఉన్న యాత్ర రెండూ దొరకడం చరిత్రలో అరుదు. ఇక్కడ దొరికాయి, ఫలితాలు కూడా తేడాగానే ఉన్నాయి.

ఇప్పటి సంఘాలకు దీని నుంచి వచ్చే సలహా ఒకటే, అది కాస్త చేదుగా ఉండవచ్చు. పదిరోజుల విదేశీ పర్యటనకు బృందం కుదిరి, టిక్కెట్లు కొన్నాక, అక్కడెవరిని కలవాలో వెతకడం మొదలుపెట్టే అలవాటు సయాం దారి. గల్ఫ్ దేశాల్లో ఇళ్ళపనులకు, కట్టుబడి పనులకు వెళ్ళిన తెలుగువాళ్ళు సెలవురోజున కూడుకుంటున్న చోట్ల నుంచి వచ్చే ఫోను కబురును సంఘ కమిటీ ముందు పెట్టి, వాళ్ళడిగింది బోధకుణ్ణా, వకీలునా, ఇంటికి డబ్బు పంపే దారినా, జబ్బుపడ్డ మనిషికి తోడునా అని ముందు తేల్చుకోవడం నేటాల్ దారి. రెండో దారిలో పర్యటన కొన్నిసార్లు వద్దనే నిర్ణయం రావచ్చు. ఫోటోలు తక్కువ పడవచ్చు, చందా అడగడానికి గొప్ప కథ దొరకకపోవచ్చు. సముద్రం ఒడ్డున, ఇప్పుడు నౌకాదళ స్థావరానికి చోటిచ్చిన, పక్కనే అచ్యుతాపురం పరిశ్రమలు లేచిన రాంబిల్లి వంటి మండలం నుంచి ఇంకా మనుషులు బయటికి పోతూనే ఉంటారు, బయటివాళ్ళు ఇక్కడికి పనికి వస్తూనే ఉంటారు. ఆ కదలికను చూడగలిగిన సంఘానికి పరదేశం ఎక్కడుందో పటంలో వెతకవలసిన పని లేదు. మద్రాసు నుంచి డర్బన్ దాకా ఒక కుటుంబాన్ని పంపడానికి పిడికెడు బియ్యం సరిపోయాయంటే కారణం బియ్యం విలువ కాదు, అవి ఎవరికోసమో ఇచ్చేవాళ్ళకు తెలియడం. డబ్బు, కాగితాలు, భాష, ఆరోగ్యం అనే నాలుగు సన్నాహాలకూ ముందు రావలసిన అయిదోది ఆ తెలియడమే. దాన్ని సంపాదించే పని పంపే సంఘం ఒక్కటే చేయలేదు.